గొడుగు పుల్లల జోగమ్మ

హ్యాండిల్ కుడివైపుకు తిరిగింది, బండి చచ్చింది.

గమ్హరియాలో ఒకరింటి గృహప్రవేశం భోజనం ముగించుకుని, సన్నటి జల్లులో బర్మామైన్స్‌కు తిరిగొస్తున్నారు గణపతిరావు, అతని భార్య హేమ. ఆదిత్యపూర్ ఇంకా రెండు కిలోమీటర్లుందనగా రోడ్డు మధ్య ఒక గుంత కనబడింది. తప్పిద్దామని నెమ్మదించి, హ్యాండిల్ కుడికి తిప్పాడో లేదో, పద్నాలుగేళ్ళ మోటారుసైకిలు ఒక్క దగ్గయినా దగ్గకుండా ఆగిపోయింది. హారన్ లేదు, లైటు లేదు, ఇంజను లేదు. వెనక సీటు మీద పట్టుచీరతో హేమ మాత్రం ఉంది.

ఆవిడ దిగింది. కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకెత్తుకుంది. మూడు వేళ్ళు చూపించింది.

"మూడోసారి," అంది.

ఆ లెక్క పెట్టింది గణపతిరావే. మొదటిసారి గోల్‌మురి బజారు నడుమ ఆగింది. రెండోసారి సాక్చిలో రోడ్లన్నీ కలిసే గుండ్రం దగ్గర, వెనక పది ఆటోలు మొత్తుకుంటుండగా ఆగింది. ఆ రోజు ఇంటికి తోసుకొచ్చి, రాత్రికి బాగుచేసి, గొప్పగా ఒక మాట అనేశాడు: "ఇక పక్కా. మళ్ళీ ఆగిందా, పాత ఇనుము కొనే కబాడీవాడికి ఇచ్చెయ్యి, అడ్డు చెప్పను." మగవాళ్ళు ఇలాంటి మాటలు అనడానికి ముందు ఎవరూ అడగరు. అన్న తర్వాత మాత్రం ఎవరూ మర్చిపోరు.

బండి పోతే గణపతిరావుకు పోయేది బండి ఒక్కటే కాదు. రైల్వే సిగ్నల్ విభాగంలో ముప్పై నాలుగేళ్ళు చేసి దిగిపోయిన మనిషి. దిగిపోయాక మిగిలిందల్లా ఈ రెండు చక్రాలూ, సంచిలో ఒక పుస్తకమూ. చాండిల్ డ్యామ్ దాకా, ఘాట్‌శిలా దాకా, ఒక్కోసారి చాయ్‌బాసా దాకా, ఏ పనీ లేకుండా పోయొస్తాడు. పనిలేని ప్రయాణం ఎంత గొప్పదో పనున్నవాళ్ళకు తెలియదు. ఇది కూడా పోతే, పార్కులో పొద్దున్నే తెల్ల బూట్లేసుకుని తిరుగుతూ ఎవరి షుగరు ఎంతో చెప్పుకునే గుంపులో చేరాలి. ఆ గుంపును చూస్తే అతనికి అసహ్యం. రిటైరైనవాళ్ళు కాదు, ప్లాట్‌ఫారం మీద బుక్ చేసి వదిలేసిన పార్సిళ్ళు.

సైడు పెట్టె తెరిచి నల్ల టేపు చుట్ట తీశాడు.

ఈ నల్ల టేపు గురించి ఎవరైనా ఒక చరిత్ర రాయాలి. మన దేశంలో విరిగినదాన్ని బాగుచేసేవాళ్ళు తక్కువ, మూసిపెట్టేవాళ్ళు ఎక్కువ, ఆ రెండో రకానికి దొరికిన దివ్యాయుధం ఈ టేపు. గోడలో తీగ కాలితే టేపు, ఫ్యాను వాసనొస్తే టేపు, కళ్ళజోడు కమ్మీ విరిగితే టేపు. కంటికి కనబడకపోతే రోగం లేనట్టే. ఇనుము తప్ప వేరే మాట తెలియని ఈ ఊళ్ళో, మంగలి సైతం కత్తి తీసి ఏ రకం ఉక్కో చెప్పే ఈ ఊళ్ళో, మోటారుసైకిలు మెకానిక్కుల్లో నూటికి తొంభై మందికి ఉన్న విద్య ఇదొక్కటే.

"ఆ టేపు లోపలెట్టీ బాబూ."

గణపతిరావు తలెత్తాడు. ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటుంది. చంకలో రేకు డబ్బా, పైన నల్ల గొడుగు. ఆ గొడుగుకు ఒక పక్క పుల్లలు లేవు. గుడ్డ ఏనుగు చెవిలా వేలాడుతోంది, నీళ్ళు ఆ చెవి మీద నుంచి భుజం మీదకే కారుతున్నాయి. అంతకుముందు క్షణమే వాళ్ళను దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చినట్టుంది.

"గాయానికి కట్టు కడతన్నావా, శవానికి గుడ్డ కడతన్నావా?" అంది.

"ఏటమ్మా, నీకేటి పని? నీ దారిన నువ్వెళ్ళు."

"ఎల్లిపోతన్నాను. ఆ టేపు సూసి కాలు ముందుకి పడలేదు."

హేమ అక్కడున్న కిలోమీటరు రాయి మీద చేతిరుమాలు పరిచి కూర్చుంది. ఆవిడకు ఈ కొత్త మనిషి అప్పుడే నచ్చేసింది. "నీ పేరేటమ్మా?" అని అడిగింది.

"జోగమ్మ, అప్పా," అంది, అక్కను పిలిచినట్టు. " మీది బర్మామైన్సే కదా, నీ మాట బట్టి తెలత్తంది. మా నాయన అక్కడ రైల్వే కలాసీ. పలాసకాడ నించి వచ్చీసినాడు." చెప్తూనే గొడుగు గణపతిరావు చేతిలో పెట్టింది. అడగలేదు, పెట్టింది. "పట్టుకో బాబూ. నా నెత్తి మీద కాదు, బండి మీద."

అలా ముప్పై నాలుగేళ్ళ సర్వీసున్న సీనియర్ ఇంజనీరు చిరుగు గొడుగు పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడ్డాడు. పుల్లలు లేని పక్క సరిగ్గా అతని బట్టతల మీదకు వచ్చింది.

జోగమ్మ తాళం తిప్పింది. హ్యాండిల్ ఎడమకు తోసింది. మీటరు మీద పచ్చదీపం వెలిగింది. కుడికి తోసింది. ఆరిపోయింది. మళ్ళీ ఎడమకు, వెలిగింది. కుడికి, ఆరింది.

"బండి సెప్తానే ఉంది. నీకే ఇనడం రాదు," అంది. హెడ్‌లైటు గిన్నె విప్పి లోపలికి తొంగిచూసింది.

లోపల గణపతిరావు పనితనం ఉంది. మొన్న మాఘమాసంలో చేసింది. ఇంజను వైపు తీగలూ, తాళం వైపు తీగలూ కలిసేచోట రెండు ముక్కల ప్లాస్టిక్ డబ్బీ ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని కప్లర్ అంటారు. అంతకుముందు వానాకాలంలో అది ఒకటి రెండుసార్లు మినుకుమినుకుమంది. గణపతిరావుకు చిర్రెత్తింది. నాలుగు తీగలు ఇలా వేలెడు ప్లాస్టిక్‌ను నమ్ముకుని బతకడమేమిటి? డబ్బీని కత్తిరించి తీసేశాడు. తీగకు తీగ అంటించి, సోల్డరింగ్ చేసి, పైన రంగు రంగుల గొట్టాలు తొడిగాడు. అంటించిన చోట సీసం ముత్యంలా మెరిసింది. ఆ సోల్డరింగ్ ఐరన్ కూడా సామాన్యమైంది కాదు, రిటైరైన రోజున తోటివాళ్ళు శాలువాతో పాటు ఇచ్చింది. సాక్చిలో ఆగిన రాత్రి, మరింత గట్టిగా ఉండాలని, మరింత సీసం పోశాడు.

"ఎవడు సేసినాడు ఇది?" అంది జోగమ్మ.

"నేనే." గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "స్టేషన్లలో సిగ్నళ్ళు నడిపే రిలే రూముల్లో వెయ్యి జాయింట్లు చేశాను. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కటి ఊడలేదు. నా జాయింటు మీద రాజధాని ఎక్స్‌ప్రెస్‌లు పోయాయి."

"ఆ రూము నడిసీదా బాబూ?"

"ఏటి?"

"రోడ్డు మీద నడిసీదా అంటన్నాను. గుంతల్లో పడీదా? మలుపుకాడ మెడ తిప్పీదా?"

గణపతిరావు గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చాడు. రాయి మీద హేమ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

జోగమ్మ ఎర్ర తీగను రెండు వేళ్ళతో పట్టుకుని వంచింది. తీగ అంతా పాములా నున్నగా వంగింది. సోల్డరింగ్ ముగిసే చోటికి అంగుళంలో నాలుగోవంతు దూరంలో మాత్రం ఖాళీ మేజోడులా మడతపడింది. పైతొడుగు బాగానే ఉంది. లోపల రాగి తెగిపోయింది. "సీసం తాగిన తీగ కర్రయిపోతాది. కర్ర వంగదు. దాని పక్కనున్న మెత్తటి తీగే వంగాలి, ఎన్నిసార్లని వంగుతాది? నువ్వు ఎంత గట్టిగా సేత్తే అంత బేగి తెగుతాది. రెండోసారి ఇంకా పోసినావు కదా?"

"పోశారు," అంది హేమ.

"నిన్నెవరడిగారు?" అన్నాడు గణపతిరావు.

"కప్లర్ ఏదీ? పారేసినావా?"

ఇక్కడ, ఇన్నాళ్ళకు, రైల్వే గణపతిరావును కాపాడింది. రైల్వేలో విప్పిన సామాను పారేయరాదు. మేకు విప్పినా దానికి ఒక కాగితం కట్టి, తేదీ వేసి, గూట్లో పెట్టాలి. గణపతిరావు సైడు పెట్టె అడుగునుంచి ఒక ఖాకీ కవరు తీశాడు. పైన గుండ్రటి అక్షరాలతో తేదీ, 'విప్పిన సామాను, కప్లర్ ఒకటి, నాలుగు పిన్నులది' అని రాసి ఉంది.

జోగమ్మ ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివింది. చదివి హేమ వైపు చూసింది. "అప్పా, ఇంట్లో కూడా ఇలగేనా?"

"పచ్చడి సీసాల మీద కూడా."

"ఎలగ ఏగుతన్నావు తల్లీ."

రేకు డబ్బా తెరిచింది. అందులో ఏ దుకాణంలోనూ దొరికే సామాను లేదు. చివర అరగదీసిన గొడుగు పుల్లలు రెండు. ఒక పాత అడకత్తెర, దాని అంచు మొద్దు చేసి, ఆకురాయితో రెండు గాట్లు పెట్టినది. పళ్ళు రాలిన టూత్‌బ్రష్షు. ఇండికేటరు బల్బుకు రెండు తీగలు కట్టిన దీపం. మందుసీసాలో కిరోసిన్. పాలిథిన్ పొట్లంలో తుక్కు బళ్ళ నుంచి ఏరిన ఇత్తడి పిన్నులు.

కప్లర్లో ప్రతి తీగ చివరా ఒక ఇత్తడి పిన్ను ఉంటుంది, దాని వీపు మీద ముల్లులాంటి నాలుక. లోపలికి పోయాక ఆ నాలుక గోడకు తన్నిపెట్టి వెనక్కి రానివ్వదు, నోట్లో దిగిన గాలం లాగే. పట్టి లాగితే తీగ తెగుతుంది గానీ పిన్ను రాదు. పాతది రాకపోతే కొత్తది ఎక్కదు. ముందువైపు సన్నసందులోంచి ఏదో ఒకటి దూర్చి ఆ నాలుకను నొక్కాలి. సూది పెడితే పక్కకు జారుతుంది, జడపిన్ను పెడితే వంగుతుంది. గొడుగు పుల్ల సరిపోతుంది. ఒకప్పుడు గొడుగు పుల్లల్ని తిమింగలం నోట్లోని ఈనెలతో చేసేవారట. తర్వాత ఇంగ్లండులో ఎవరికో ఉక్కును సన్నటి దోనెలా వంచితే తేలికా, గట్టితనమూ రెండూ వస్తాయని తోచింది. ఆ దోనె ఆకారమే జోగమ్మకు అన్నం పెడుతోంది. పిన్నును చుట్టుకుని, నాలుకను అణచి, బయటికి తెస్తుంది. ఆ ఇంగ్లీషువాడికి ఇదేమీ తెలియదు. తెలిస్తే తన సలహా అనేవాడు.

ఎందుకంటే ఇంకొకడు అన్నాడు.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు?" అని హేమ అడిగినప్పుడు, జోగమ్మ డబ్బీలోకి పుల్ల దూర్చి, తలెత్తకుండానే చెప్పింది. గమ్హరియాలో బళ్ళకు తీగల కట్టలు అల్లే ఒక ఫ్యాక్టరీ. లైను మీద నలభై మంది ఆడవాళ్ళు. కప్లర్లో తప్పు బెజ్జంలో దూరిన పిన్నులన్నీ చివరి బల్లకు వస్తాయి. ఆ బల్ల మీద పదకొండేళ్ళు.

"పిన్ను తీసీ సామాను పరాయి దేశం నించి తెచ్చినారు. మూడు. సూపర్‌వైజరు బీరువాలో ఎట్టి తాళం ఏసీవోడు. కావాలంటే సంతకం ఎట్టాలి, ఒంటేలుకి పోయినట్టు లైన్లో నిలబడాలి. ఒక వానరోజు నా గొడుగు గాలికి ఇరిగిపోనాది. పుల్ల సూసినాను. ఇంటికాడ సన్నికల్లు మీద అరగదీసినాను. మర్నాడు నా బల్ల మీద మాల్ నేదు, అంతా క్లియర్. వారం తిరక్కుండా నలభై మంది ఆడోళ్ళూ మొగుళ్ళ గొడుగులు ఇరిసీసినారు."

"శభాష్," అంది హేమ.

"ఉండప్పా. ఒక కుర్ర ఇంజనీరు వచ్చి ఫోటో తీసినాడు. నెలాఖరికి గోడ మీద బోర్డు, ఈ నెల మేలైన సలహా అనీసి. నా పుల్లకి అద్దాల పెట్టి. దాని కింద ఆడి పేరు, ఆడి నవ్వు మొకం. నానడిగితే ఏటన్నాడో తెల్సా? 'దీదీ, ఆప్‌కా హాథ్ హై నా ఫోటో మే.' నా సెయ్యి ఉందంట ఫోటోలో!"

నిజంగానే చెయ్యి ఉండి ఉంటుంది. ఈ పారిశ్రామిక ప్రపంచంలో ఎన్ని గోడల మీద ఎన్ని అద్దాల వెనక మొహాలు ఒకరివి, చేతులు ఇంకొకరివి.

"మరింకేటి, రెండేళ్ళకి బయటినించి పెద్దోళ్ళు తనిఖీకి వచ్చినారు. అనుమతి నేని సామాను లైను మీద ఉందనీసి రాసినారు. అద్దాల్లోంచి తీసి నా పుల్ల తుక్కు ఏసీ ఎర్ర డబ్బాలో పడీసినారు. దాంతోపాటు నన్నూ పడీసినారు. ఆ కుర్రోడు అప్పటికి మేనేజరు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. చెప్పుకింద నల్లిని నలిపేటప్పుడు ఉండే మామూలు అసహ్యం ఉంది. ఇప్పుడు గోల్‌మురిలో, బర్మామైన్స్‌లో, గమ్హరియాలో మెకానిక్కులు చేతగాక చేతులెత్తేసిన తీగలు బాగుచేస్తుంది. గిరాకీ వెళ్ళాక ఫోన్ చేస్తారు. ఆడమనిషి చేసిందంటే షాపు పరువు పోతుందని వెనకతలుపున రమ్మంటారు. ఏ షాపులోనూ కూర్చోదు. "కూకుంటే ఆల టేపు వాసన పడదు నాకు."

"మరి మీ ఆయన?"

"ఉన్నాడప్పా. ఎర్తు తీగలాగ. ఏ పనీ సేత్తన్నట్టు కనపడడు, గానీ నేకపోతే ఏదీ ఎలగదు."

గణపతిరావుకు ఎక్కడో గుచ్చుకుంది. ఏదైనా మంచి మాట అనాలనిపించి, "దొరికినదాంతో నెట్టుకొచ్చే నీ జుగాడ్ బాగుందమ్మా," అన్నాడు.

జోగమ్మ చెయ్యి ఆగింది. "జుగాడ్ అంటే నువ్వు సేసింది. టేపు సుట్టీది, సీసం పోసీది. ఇది పని."

సరిగ్గా అప్పుడే పుల్ల విరిగింది. డబ్బీ ఒక ముక్కలోని నాలుగు పిన్నులూ, రెండో ముక్కలో మూడూ వచ్చాయి, నాలుగోది తుప్పుపట్టి ఉంది. రెండో పుల్ల పెట్టింది. అదీ మొన విరిగి లోపలే ఉండిపోయింది. టూత్‌బ్రష్షుతో కిరోసిన్ పూసి, విరిగిన ముక్కను తట్టి తీసింది గానీ, నొక్కడానికి ఇక పుల్ల లేదు.

హేమ తను వేసుకున్న మడత గొడుగు అందించింది. కొత్తది, పూలది. జోగమ్మ ఒక పుల్లను గోటితో మీటి వెనక్కి ఇచ్చేసింది. "ఇది అల్యూమిలియం. ఎండ కాసినప్పుడు బాగుంటాది."

రాయి మీద హేమ చేతిగడియారం చూసుకుంది. "నాలుగు దాటితే కబాడీవాడు మన వీధికి వస్తాడు," అంది, ఎవరితోనో అన్నట్టు. గణపతిరావు కళ్ళముందు పార్కూ, తెల్ల బూట్లూ, షుగరు లెక్కలూ గుండ్రంగా తిరిగాయి.

జోగమ్మ లేచింది. అతని చేతిలోని గొడుగు వంక చూసింది. కుట్టు తెంపి, ఇంకొక పుల్ల పీకింది. గుడ్డ మరో జానెడు జారింది. "నాను తీగలకి కొత్త పిన్నులు ఎక్కించాలి. ఇది నువ్వు అరగదీయ్. సెయ్యగలవా, దానికి కూడా రైల్వే కాగితం కావాలా?"

గణపతిరావు గొడుగు హేమకిచ్చి, రోడ్డు పక్క సిమెంటు గట్టు మీద కూర్చున్నాడు. తడి గట్టు మీద పుల్ల చివరను రుద్దాడు. మొన పెట్టడం తేలిక, ఎవడైనా పెడతాడు. దోనె అంచులు రెండూ చెదరకుండా, మధ్య మాత్రం పలచబడేలా అరగదీయడం వేరే సంగతి. రిలే కాంటాక్టులను వెంట్రుక మందాన సానబెట్టిన వేళ్ళు అవి. ముప్పై నాలుగేళ్ళు ఒక గదిలో నేర్చుకున్నదంతా పనికిరానిదే అయితే, ఈ పావుగంట కోసమైనా కొంచెం మిగిలి ఉండకూడదా? రుద్దాడు, గోటి మీద పెట్టి చూశాడు, తిప్పి రుద్దాడు. నడుము పట్టేసింది. లారీలు బురద చిమ్మాయి. చిమ్మనీ అనుకున్నాడు.

ఈలోపు జోగమ్మ అతని సోల్డరింగ్‌ను అటూ ఇటూ కత్తిరించి, నాలుగు ముత్యాలనూ బురదలోకి విసిరేసింది. తీగల కొనలు ఒలిచి, కొత్త పిన్నులు పెట్టి, అడకత్తెరలో ఒక్కొక్కటే నొక్కింది. ఒక గాటులో రాగి, రెండో గాటులో పైతొడుగు. అలా రెండుచోట్లా పట్టుకుంటేనే తీగ ఊగినా తెగదట.

గణపతిరావు పుల్ల తెచ్చి ఇచ్చాడు. బడిలో పలక చూపించినట్టు ఇచ్చాడు.

జోగమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. ఒక కన్ను మూసి మళ్ళీ చూసింది. తుప్పుపట్టిన నాలుగో పిన్ను మీద దూర్చి, ఒక్క నొక్కు నొక్కింది. టిక్కుమంది. పిన్ను జారి అరచేతిలో పడింది.

"సెయ్యి ఉంది," అంది. పాత పిన్నును పక్కకు విసిరేసి, "బుర్రకే సీసం పోసినారు."

కప్లర్ రెండు ముక్కలూ కలిశాయి. తాళం తిప్పితే పచ్చదీపం. ఎడమకు తోస్తే ఉంది. కుడికి తోస్తే ఉంది. హ్యాండిల్‌ను ఇటు కొసకూ అటు కొసకూ పదిసార్లు ఆడించింది, కదలకుండా అలాగే ఉంది. గణపతిరావు ఒక్క తన్ను తన్నాడు. బండి అందుకుంది.

హేమ గొడుగు జోగమ్మ పక్కన పెట్టి చీర దులుపుకుంది. మళ్ళీ మూడు వేళ్ళూ చూపించింది. "జోగమ్మా, నువ్వే చెప్పు. ఇది ఆగినట్టా, కాదా? ఆగితే ఇచ్చెయ్యమన్నది ఆయనే."

గణపతిరావు హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. అడకత్తెరలో పోకచెక్కకు కూడా అంత ఇరుకు ఉండదు. జోగమ్మ కిరోసిన్ సీసాకు మూత పెడుతోంది.

"ముందు రెండుసార్లూ ఎక్కడ ఆగింది?"

"గోల్‌మురిలో, సందులోకి తిరగబోతుంటే. సాక్చిలో, గుండ్రం చుట్టూ తిరుగుతుంటే."

"కుడిసేతి వైపుకేనా?"

హేమ ఆలోచించింది. "కుడికే."

"బండి ఎప్పుడూ ఆగనేదప్పా. ఈ బాబే ఆపీసినాడు, మూడుసార్లూ. బండిని ఎందుకమ్ముతావు? అమ్మితే మనిసినమ్ము. గానీ కొనీవోడు దొరకడు."

హేమ ఒక్కొక్క వేలే మడిచింది. తీర్పు చెప్పడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు. "సరే. బండి ఉంటుంది. ఆ సోల్డరింగ్ ఐరన్ ఇవాళ నాలుగింటికి కబాడీవాడికి ఇచ్చేస్తున్నాను. శాలువా కూడా ఇమ్మంటారా?"

గణపతిరావుకు శాలువా కప్పిన రోజు చప్పట్లు గుర్తొచ్చాయి. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళు ఇప్పుడు పార్కులో ఉన్నారు. తల ఊపాడు. చాండిల్ డ్యామ్ మీద వాన ఎలా ఉంటుందో అప్పుడే కళ్ళకు కట్టింది. తడి జేబులో చెయ్యి పెట్టి, ఆమెకు ఏమైనా ఇవ్వాలనీ, కనీసం పోయేచోటి దాకా దింపుతాననాలనీ ఇటు తిరిగాడు.

జోగమ్మ లేదు. గమ్హరియా వైపు ఇరవై గజాలు నడిచేసింది. చంకలో రేకు డబ్బా, అందులో అతను అరగదీసిన పుల్ల. నెత్తిన గొడుగు ఇప్పుడు సగమే గొడుగు. పలాస వైపు మనుషులు ఎంత తొందరలో ఉన్నా, ఎంత కోపంలో ఉన్నా, 'వత్తాను' అనకుండా కదలరు. చావు పలకరింపుకు వెళ్ళినచోట తప్ప. బురదలో పడ్డ ఆ నాలుగు ముత్యాలకు ఇదే చావు పలకరింపు కాబోలు, జోగమ్మ ఆ మాట అనలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఎదురుగా ఒక లారీ వచ్చి, దాటి పోయింది. ఆమె గుంత పక్కనుంచి తప్పుకుని, అదే నడకతో నడుస్తూ పోయింది.